నెల్లూరులో సినిమా, మాల్, బిర్యానీ తప్ప ఏముందని అడిగిన పామూరు అబ్బాయికి

ఆ అబ్బాయి అడిగింది క్లుప్తంగా ఇది. ఊరు పామూరు. నెల్లూరులో బీటెక్ రెండో సంవత్సరం, హాస్టల్. ఖర్చులకు ఇంటి నుంచి నెలకు రెండు వేలు వస్తాయి. నాటకాలన్నా పాటలన్నా బొమ్మలు గీయడమన్నా ఇష్టం. ఆదివారం వస్తే మాత్రం స్నేహితులతో కలిసి సినిమా, మాల్, బిర్యానీ, మళ్ళీ హాస్టల్. హైదరాబాదులో చేరిన ఇంటర్ ఫ్రెండ్స్ రోజుకో ప్రోగ్రాం ఫోటో పెడుతుంటే కుళ్ళు పుడుతోందట. "ఈ ఊళ్ళో నిజంగా ఏమీ లేదా, నాకే తెలియడం లేదా?" అని అడిగాడు.

నీకే తెలియడం లేదు అబ్బయా. అది నీ తప్పు కూడా కాదు. నేను నెల్లూరు కాలేజీల్లో పాఠాలు చెప్పింది పాతికేళ్ళ పైమాటే. అందులో చాలా ఏళ్ళు కల్చరల్ కమిటీ బాధ్యత నా నెత్తిన పెట్టారు. మైకులు, షామియానాలు, ముఖ్య అతిథులు ఆలస్యంగా రావడాలు అన్నీ చూసినవాడిని. నాకు అర్థమైంది ఒకటే. సినిమా హాలు, మాల్ ఎప్పుడు వెళ్ళినా తెరిచే ఉంటాయి. నువ్వు అడుగుతున్న కళలు అలా కాదు, వాటికి ఒక తేదీ ఉంటుంది. ఆ సాయంత్రం తప్పిపోతే మళ్ళీ మూడు నెలలు ఏమీ ఉండదు. పెద్ద నగరంలో రోజూ ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి తేదీ తెలియకపోయినా కాలు పెట్టిన చోట తగులుతుంది. నెల్లూరులో తేదీ పట్టుకోవాలి.

తేదీలు ఇన్‌స్టాలో దొరకవు. ఈ ఊళ్ళో నాటకం వేయించేవాళ్ళు, అవధానం పెట్టించేవాళ్ళు ఎక్కువ మంది అరవై దాటినవాళ్ళు. వాళ్ళకు తెలిసిన ప్రచారం ఒక కరపత్రం, ఒక ప్రెస్ మీట్, మహా అయితే వాట్సాప్ గ్రూపు. కాబట్టి పొద్దున్నే ఏదో ఒక తెలుగు పేపర్ జిల్లా పేజీలు తిరగేయి. 'నగరంలో నేడు' అని ఒక మూల చిన్న అక్షరాలతో ఉంటుంది. రక్తదాన శిబిరం, పెన్షనర్ల సమావేశం మధ్యలో 'సాయంత్రం 6 గంటలకు పురమందిరంలో పద్యనాటక ప్రదర్శన, ప్రవేశం ఉచితం' అని ఒక లైను కనిపిస్తుంది. మీ హాస్టల్ మెస్‌లో పేపర్ పడుతుంది కదా, క్రికెట్ పేజీ చూశాక అటు కూడా తిప్పు.

పురమందిరం అంటే టౌన్‌హాలే, రేబాల లక్ష్మీనరసారెడ్డి గారి పేరున ఉన్నది. మా తరం వాళ్ళం రెండు పేర్లూ వాడతాం. అక్కడికి మొదటిసారి వెళ్ళినప్పుడు నిరుత్సాహపడకు. ఆరింటికని వేస్తారు, ఏడింటికి మొదలవుతుంది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, 'నేను ఎక్కువసేపు మాట్లాడను' అంటూ అరగంట మాట్లాడే వక్త, అన్నీ ఉంటాయి. నా సలహా, ఆరున్నరకు వెళ్ళు. ఇంకో చిట్కా కూడా ఉంది. శాలువాల సంచి చంకలో పెట్టుకుని స్టేజీ మెట్ల దగ్గర అటూ ఇటూ తిరిగే మనిషి ఒకాయన ప్రతి సభలోనూ ఉంటాడు. ఆయన్ను పట్టుకో. 'సార్, నేను స్టూడెంట్‌ని, మీ కార్యక్రమాలు నాకు కూడా చెప్తారా' అని అడుగు. ముప్పై లోపు మనిషి ఆ మాట అడిగి ఎన్నాళ్ళయిందో ఆయనకు! ఆ రాత్రికే నిన్ను మూడు గ్రూపుల్లో చేర్చేస్తాడు. ఆపైన గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు కూడా వస్తాయి, అవి భరించాలి.

నీకు నాటకాలు ఇష్టమన్నావు గనుక దాని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో పౌరాణిక పద్యనాటకం ఇంకా బతికే ఉంది. శ్రీరామనవమికి, ఊరి తిరునాళ్ళకు కృష్ణుడి రాయబారం సీనో హరిశ్చంద్రుడి కాటి సీనో పెట్టిస్తారు. మీ పామూరు చుట్టుపక్కల చిన్నప్పుడు చూసే ఉంటావు, నిద్రపోయి ఉంటావు కూడా. ఇప్పుడు మేలుకొని చూడు. నాకు బాగా గుర్తున్న రాత్రి ఒకటుంది. కాటి సీను నడుస్తోంది. హరిశ్చంద్రుడు చచ్చిపోయిన కొడుకును చూసి పద్యం ఎత్తుకున్నాడు. హార్మోనియం ఆయన వెనకాలే మెట్టు మెట్టుకూ ఎక్కుతోంది. పద్యం చివరి పాదం దగ్గర రాగం అందుకుని ఒకటిన్నర నిమిషం వదల్లేదు. జనం నుంచి 'వన్స్ మోర్!' అని కేక. అంతలో మైకులో ఒక గొంతు, ఫలానా వారు నటుడి గానానికి మెచ్చి నూట పదహార్లు చదివిస్తున్నారని. హరిశ్చంద్రుడు అంత దుఃఖంలోనూ ఆగి, ఆ వైపు తిరిగి నమస్కారం పెట్టి, నోటు పంచెలో దోపుకొని, మళ్ళీ కళ్ళు తుడుచుకుంటూ అదే పద్యం మొదటి నుంచీ పాడాడు. ముందు వరసలో నాతో వచ్చిన కుర్రాళ్ళు నవ్వారు. రెండోసారి రాగం సగానికి వచ్చేసరికి ఆ కుర్రాళ్ళే నోళ్ళు మూసుకున్నారు. ఇలాంటిది ఫోన్‌లో చూస్తే పది సెకన్లలో పైకి తోసేస్తావు. పక్కన నలుగురితో కూర్చుంటేనే దాని సంగతి తెలుస్తుంది.

సాంఘిక నాటికల పరిషత్తులు వేరే ఉంటాయి. ఒకే వేదిక మీద రెండు మూడు రోజుల పాటు సాయంత్రానికి రెండో మూడో నాటికలు వేస్తారు, గంట లోపు ఒకటి. ఒంగోలు, కావలి, నెల్లూరు చుట్టూ ఎక్కడ జరుగుతున్నా వెళ్ళు. నాటకం సినిమాకు వెళ్ళే మెట్టని ఎవరైనా అంటే పూర్తిగా నమ్మకు. ఆత్రేయ మన సూళ్ళూరుపేట వైపు మనిషే. సినిమా పాటలు రాయకముందే నాటకకర్తగా పేరు తెచ్చుకున్నాడు. ఆయనకు ఆ నాటకాలే వేరుగా ఒక జీవితం. పరిషత్తులో నాటిక అయిపోయాక తెర వెనక్కి వెళ్ళి ఏదైనా పని ఇమ్మని అడుగు. నా దగ్గర చదివిన ఒక కుర్రాడు తెర లాగడంతో మొదలెట్టాడు. తరువాత లైట్ల దగ్గర నిలబడ్డాడు. మూడో ఏడాదికి ఏ సీనుకు ఏ రంగు పడాలో పెద్దవాళ్ళతో గొడవ పెట్టుకునే స్థాయికి వచ్చాడు. పైసా ఖర్చు లేదు, పైగా రిహార్సల్స్ రోజు రాత్రి పూట దోసెలు కూడా వాళ్ళే పెట్టించారు.

అవధానం పేరు వింటే మీ వయసు వాళ్ళు పారిపోతారు. ఒక్కసారి వెళ్ళాక మాత్రం నీ అభిప్రాయం చెప్పు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్ళు, ఎనిమిది రకాలుగా అవధానిని ఇరికిస్తారు. కాగితం, కలం ఉండవు. మొత్తం బుర్రలో పెట్టుకొని, చివర్లో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. నాకు ఇష్టమైనది నిషిద్ధాక్షరి. అవధాని ఒక అక్షరం చెప్తాడు, తరువాత ఏ అక్షరం వాడకూడదో పృచ్ఛకుడు చెప్తాడు. ఒక సభలో అవధాని 'శ్రీ' అన్నాడు. రాముడు వస్తున్నాడని పసిగట్టి పృచ్ఛకుడు 'ర వద్దు' అన్నాడు. అవధాని 'క' అన్నాడు. శ్రీకర అంటాడని 'మళ్ళీ ర వద్దు' అన్నాడు ఈయన. అవధాని ఒక్క క్షణం పైకి చూసి 'లి' అనేశాడు. శ్రీకలిత అని పద్యం దారి మళ్ళింది. హాలంతా చప్పట్లు. చదరంగం ఆట లైవ్‌లో చూసినట్టే ఉంటుంది. మధ్యమధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన లేచి, 'అవధాని గారూ, నెల్లూరు చేపల పులుసు ఇవాళ్టిది మంచిదా, నిన్నటిది మంచిదా?' లాంటి ప్రశ్న వేసి ఏకాగ్రత చెడగొడతాడు. దానికి తడుముకోకుండా చమత్కారంగా జవాబు చెప్పాలి. మీరు స్టాండప్ కామెడీ అని టికెట్టు కొని వెళ్ళేది దీనికి తమ్ముడే. ఛందస్సు రాకపోతే సగం అర్థం కాదు, నిజమే. ఆ మిగతా సగానికే వెళ్ళొచ్చు. పదిహేను పర్వాల భారతం రాసిన తిక్కన గారి ఊళ్ళో ఉంటూ ఆ మాత్రం చూడకపోతే ఎట్లా?

హరికథ గురించి ఒక్క మాట. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి నాన్నగారు సాంబమూర్తి గారు హరికథకులని అందరికీ తెలుసు. తిప్పరాజువారి వీధిలోని వాళ్ళ ఇంటిని బాలు గారు 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. హరికథంటే ఒకే మనిషి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, అన్ని పాత్రలూ తనే. గుళ్ళలో ఉత్సవాలప్పుడు ఇప్పటికీ పెట్టిస్తారు. రంగనాయకుల గుడి బ్రహ్మోత్సవాలప్పుడు ఆ చుట్టుపక్కల సాయంత్రాలు తిరుగు. రథం లాగే రోజు మాత్రం జేబులో ఫోన్ జాగ్రత్త.

రొట్టెల పండగ గురించి నెల్లూరులో ఉన్నవాడికి చెప్పాలా అనుకున్నాను, కానీ హాస్టల్ పిల్లల్లో చాలామంది ట్రాఫిక్ జాం అని తిట్టుకోవడమే తప్ప లోపలికి వెళ్ళి చూడరు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జనం మోకాలి లోతు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు. 'చదువు రొట్టె', 'పెళ్ళి రొట్టె', 'ఉద్యోగం రొట్టె' అని నీళ్ళలో కేకలు. ఈ మధ్య 'వీసా రొట్టె'కు గిరాకీ పెరిగింది. దీన్ని 2015లో రాష్ట్ర పండగ చేశారు. బొమ్మలు గీస్తానన్నావుగా, ఒక చిన్న నోట్‌బుక్ పట్టుకుని గట్టు మీద కూర్చో. ముఖాలు, చేతులు, తడిసిన చీర కుచ్చిళ్ళు, ఇంతకన్నా మంచి మోడల్స్ ఏ ఆర్ట్ స్కూల్లోనూ దొరకరు. చాంద్రమానం కాబట్టి పండగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పోయినేడు తేదీ చూసి మోసపోకు.

నేర్చుకోవాలనుకుంటే ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఊళ్ళోనే ఉంది. ప్రైవేటు వాటితో పోలిస్తే ఫీజు నామమాత్రం. కానీ బీటెక్ టైంటేబుల్‌తో పొసుగుతుందో లేదో వెళ్ళి అడుగు, నేను హామీ ఇవ్వను.

ఒక హెచ్చరిక. న్యూ ఇయర్ నైట్, డీజే నైట్, సెలబ్రిటీ నైట్ అని స్టూడెంట్ పాసులు అమ్ముతారు. పాసు మీద అడ్రస్ ఉండదు, 'వేదిక త్వరలో' అని ఉంటుంది. కొన్నేళ్ళ కింద మా పిల్లలు నలభై మంది ఇలాగే డబ్బు కట్టారు. ఆ రోజు వెళ్తే గేటుకు తాళం. నిర్వాహకుడి ఫోన్ స్విచాఫ్. వాళ్ళను చేర్పించినవాడు మా కాలేజీ కుర్రాడే కాబట్టి పంచాయితీ నా గదికి వచ్చింది. సగం డబ్బులు రాబట్టడానికి ఆరు నెలలు పట్టింది. ఎక్కడ జరుగుతుందో రాయని టికెట్టు కొనకు, అంతే.

మైపాడు బీచికి మీరు ఎలాగూ వెళ్తారు. ఈత రాకపోతే మోకాళ్ళు దాటి లోపలికి పోవద్దు. ఏటా ఎవరో ఒక ఇంట్లో ఏడుపు వింటున్నాం.

సినిమా మానేయమని నేను చెప్పను, నేనే మానలేదు. కానీ ఏదైనా పెద్ద సినిమాకు అందరూ చందాలు వేసుకుని వెళ్ళేటప్పుడు ఒక్కసారి సూళ్ళూరుపేటలో వి ఎపిక్ థియేటర్‌కు వెళ్ళండి. తెర వెడల్పే 106 అడుగులు. ఆ పక్కనే శ్రీహరికోట. రాకెట్ ప్రయోగాన్ని జనం చూడటానికి ఇస్రో 2019లో గ్యాలరీ తెరిచింది. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, డబ్బు కట్టనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తెరవగానే నిండిపోతుంది, కాచుకుని ఉండాలి. కళల గురించి అడిగితే రాకెట్ చెప్తాడేంటి అనుకోకు. చప్పుడు లేకుండా ముందు వెలుగు లేస్తుంది, జనమంతా ఒక్కసారి 'ఓ' అంటారు, ఆ 'ఓ' అయిపోయాక వస్తుంది చప్పుడు, ఛాతీలో. ఏ నాటకంలోనూ అట్లాంటి తెర ఎత్తడం నేను చూడలేదు.

ఇక అసలు సంగతి. నువ్వు హైదరాబాదు వాళ్ళను చూసి కుళ్ళుకుంటున్నావు. నెల్లూరు వాడికి పెద్ద నగరం హైదరాబాదు ఎప్పుడూ కాదు, మద్రాసు. రైల్లో సుమారు 175 కిలోమీటర్లు, మూడు గంటలు, జనరల్ టికెట్టు వంద లోపే. హైదరాబాదులో ఒక చివర హాస్టల్లో ఉండి ఇంకో చివర ప్రోగ్రాంకు వెళ్ళిరావడానికి మీ ఫ్రెండ్‌కు ట్రాఫిక్‌లో ఎంత పడుతుందో అడుగు. పొద్దున్నే బండెక్కి రాత్రికి తిరిగి వచ్చేయొచ్చు. నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం దీనికి పెట్టు. నేను డిగ్రీ అక్కడే చదివాను. అప్పటికింకా మద్రాసే, చెన్నై కాలేదు.

మొదటి ట్రిప్ ఎగ్మూరు మ్యూజియం. సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే తరువాతి స్టేషనే ఎగ్మూరు, అక్కణ్ణుంచి నడిచి వెళ్ళొచ్చు. శుక్రవారం సెలవు. 1851లో పెట్టిన మ్యూజియం అది. ఇప్పుడు విను. మన ఉదయగిరి కోటను కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్నాక అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీ తీసుకెళ్ళి దానికోసం గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు ఈ మ్యూజియంలో ఉంది. నెల్లూరు జిల్లా కొండ మీది నుంచి హంపీ వెళ్ళి, అక్కణ్ణుంచి ఎగ్మూరు చేరిన కృష్ణుణ్ణి చూడటానికి నెల్లూరు వాడు వెళ్ళకపోతే ఇంకెవరు వెళ్తారు?

అమరావతి శిల్పాలు కూడా అక్కడే. తవ్వినవాటిలో చాలా లండన్ పోయాయి, మద్రాసులో మిగిలినవే చాలు మనకు. అన్నీ చూడాలని పరిగెత్తకు. ఒక్క గుండ్రటి పలక వెతుక్కో, నలగిరి ఏనుగుది. ఎడమ వైపు ఏనుగు మదమెక్కి వీధిలో పడింది. ఒక మనిషిని తొండంతో ఎత్తింది, జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. పైన కిటికీల్లోంచి తలలు తొంగి చూస్తున్నాయి. కుడి వైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద వాలింది. ఒకే రాయిలో ముందు జరిగిందీ, తరువాత జరిగిందీ. కామిక్ పుస్తకంలో రెండు గళ్ళు వేసి మధ్యలో గీత కొట్టకుండా వదిలేసినట్టు. నేను మొదటిసారి దాన్ని దాటుకుని వెళ్ళిపోయాను. రెండోసారి మా మాస్టారు భుజం పట్టుకుని వెనక్కి లాగి, ఆ కిటికీలో ఆడమనిషిని చూడమన్నారు. ఆ తరువాత అరగంట కదల్లేదు. నోట్‌బుక్ తీసుకెళ్ళి ఆ ఒక్క పలకను కాగితం మీద వేసి చూడు. మనుషుల్ని అంత ఇరుకులో ఎట్లా కూర్చాడో చెయ్యి ఆడిస్తేనే తెలుస్తుంది. గ్యాలరీలు మరమ్మతుల కోసం అప్పుడప్పుడు మూస్తుంటారు, వెళ్ళేముందు కనుక్కో.

రెండో ట్రిప్ తీరం రోడ్డు మీద. ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర ఉంది. 1996లో తెరిచారు. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళను విప్పి తెచ్చి మళ్ళీ కట్టి పెట్టారు. మన వైపు చుట్టిల్లు కూడా ఉంది. స్టూడెంట్ ఐడీ ఉంటే టికెట్టు తగ్గుతుంది. మంగళవారం సెలవు. వచ్చేదారిలో ఇంజంబాకంలో చోళమండలం. 1966లో పణికర్ అనే చిత్రకారుడు, ఆయన శిష్యులు కలిసి కట్టుకున్న చిత్రకారుల ఊరు అది. బొమ్మలు గీసేవాడివి గనుక దక్షిణచిత్రకు గంట తగ్గించి ఇక్కడ గంట ఎక్కువ కూర్చో.

మూడోది డిసెంబరు. దీనికి మాత్రం ఇప్పటి నుంచే డబ్బు దాచుకో, అదీ పెద్దగా అక్కర్లేదు. డిసెంబరు నడిమి నుంచి జనవరి మొదటి దాకా మద్రాసులో సంగీత సీజన్. 1928లో మొదలైన మ్యూజిక్ అకాడమీతో సహా బోలెడు సభలు, అంటే కచేరీలు పెట్టించే సంస్థలు. సాయంత్రం పెద్దవాళ్ళ కచేరీలకు టికెట్టు. మధ్యాహ్నం కుర్ర విద్వాంసులవి చాలా సభల్లో ఉచితం. ఆ మధ్యాహ్నాలు మనవి. నీకు శాస్త్రీయ సంగీతం రాదని భయపడకు. ఆ హాల్లో చాలామందికి లేని సౌకర్యం ఒకటి నీకుంది. పాడేవాటిలో చాలా తెలుగే, ముఖ్యంగా త్యాగరాజ స్వామి కీర్తనలు. పక్క సీట్లో తెల్లజుట్టు మామ్మ రాగం పేరు పల్లవికి ముందే చెప్పేస్తుంది, తాళం తొడ మీద తప్పకుండా వేస్తుంది. కానీ త్యాగయ్య రాముణ్ణి నిలదీస్తున్నాడో, బతిమాలుతున్నాడో, దెప్పిపొడుస్తున్నాడో నీకు ముందు తెలుస్తుంది. ఒకసారి నా పక్కనున్న ఆవిడ కీర్తన అయిపోగానే నా వైపు వంగి, 'మీరు తెలుగా? ఆ చరణంలో ఏమన్నాడు?' అని తమిళంలో అడిగింది. నాకు వచ్చిన అరకొర తమిళంలో చెప్పాను. 'ఇన్నేళ్ళుగా భక్తితో వింటున్నాను, తిడుతున్నాడని తెలియదే' అని నవ్వింది. ఆ రోజు నుంచి నాకు కచేరీలంటే బెరుకు పోయింది.

పాడేవాళ్ళు కొందరు మన ఒత్తులు మింగేస్తారు. చిరాకు పడకు. వాళ్ళు మన పాటను ఇన్ని తరాలు మోశారు, ఒత్తులదేముంది.

టి.నగర్‌లో వాణీమహల్‌కు వెళ్తే ఒక సంగతి గుర్తుపెట్టుకో. ఆ సభను 1940లలో మొదలుపెట్టింది మన చిత్తూరు నాగయ్య గారు. ఇంకా టైముంటే మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం ఉంది. 1952లో ఆయన 58 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణం వదిలింది ఆ ఇంట్లోనే. ఆయన పూర్వీకుల పడమటిపల్లి కనిగిరి వైపు, అంటే మీ వైపే. నెల్లూరు జిల్లాకు ఆయన పేరుంది, ఆయన ఊరు మీ దగ్గర, ఆయన పోయిన ఇల్లు మైలాపూరులో. ఆ భవనంలో తెలుగు సాహిత్య సభలు కూడా జరుగుతుంటాయి, జరిగే రోజు పడితే అదృష్టమే.

ఉదయగిరి పేరెత్తాను కాబట్టి ఇదీ చెప్తాను. సెలవులకు పామూరు పోతావు కదా, ఒకసారి ఉదయగిరి మీదుగా వెళ్ళు. చుట్టుపక్కల అడవి చెక్కతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కేవాళ్ళ ఇళ్ళున్నాయి. ఆ పనితనానికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాకిట్లో కూర్చుని ఒక ముసలాయన చెంచా పిడి మీద ఆకురాయితో గీతలు తీస్తుంటే నేను ముందు నిలబడి, తరువాత కూర్చుని, చివరికి టీ తాగి లేచాను. బేరం ఆడకుండా ఒక చెంచా కొన్నాను. చెంచా కాడ సన్నగా, చివర చిన్న పువ్వు. మా ఆవిడ దాన్ని పచ్చడి జాడీలో వాడనివ్వదు, షోకేసులో పెట్టింది. నీ రెండు వేలల్లోంచి ఒకటి కొని మీ అమ్మకు ఇవ్వు.

డబ్బు లెక్క చూడు. పురమందిరం, పరిషత్తు, అవధానం, గుళ్ళ ఉత్సవాలు అన్నీ ఉచితం. ఊళ్ళో ఆటో ఖర్చే. మద్రాసు ట్రిప్‌కు రానూ పోనూ రైలు, మెట్రో, తిండి కలిపితే ఇప్పుడు నువ్వు ఒక ఆదివారం మాల్‌లో సినిమాకు, పాప్‌కార్న్‌కు, బిర్యానీకి పెట్టేదానికి కొంచెం అటూ ఇటుగా తేలుతుంది. స్నేహితులు రారని ఆగకు. నేను గమనించింది ఏంటంటే, పది మందిని పోగుచేసుకుని వెళ్దామనుకున్నవాడు ఎప్పుడూ వెళ్ళలేదు. ఒక్కడే వెళ్ళి వచ్చినవాడి వెంట మరుసటి నెల ఇద్దరు బయల్దేరారు.

డిసెంబరులో వెళ్ళినప్పుడు సభ క్యాంటీన్ మరిచిపోకు. కచేరీ వినకుండా తినడానికే వచ్చేవాళ్ళు కూడా ఉంటారక్కడ. మృదంగం ఆయన తని ఆవర్తనం, అంటే పాట ఆగి తాళవాద్యం ఒక్కటే మోగే భాగం, మొదలుపెట్టగానే సగం హాలు లేచి క్యాంటీన్ వైపు నడుస్తుంది, అది వాళ్ళలో పాత జోకు. నువ్వు మాత్రం తని అయ్యేదాకా కూర్చో, మంచి మృదంగం మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో. ఆ తరువాత వెళ్ళినా కాఫీ ఉంటుంది. మధ్యాహ్నం భోజనం చేయాలంటే ముందే వెళ్ళి ఆకు వేయించుకో, ఆలస్యమైతే పాయసం అయిపోతుంది.